అనుబంధ సిద్ధాంతము: అమ్మ, నాయన, జేజి

కర్నూలు జిల్లా పడమటి భాగమున, తుగ్గలి మండలములోని జొన్నగిరికి చేరువను, ఎర్రగుడి బండలమీద అశోకుని శాసనములు ఉన్నవి. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దిలో చెక్కించిన ఆ వ్రాతలలో తల్లిదండ్రుల మాట వినవలెనను ఆదేశము ఒకటి. అందు తల్లియు తండ్రియు ఒకే సమాసములో కలిసి వచ్చినారు. ఇరువదిరెండు శతాబ్దములు గడచిన తరువాత, 1951లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ఒక గ్రంథములో ఆ సమాసము విడిపోయినది. శిశువు మనస్సు ఆరోగ్యముగా పెరుగుటకు తల్లి ప్రేమ, లేదా తల్లి స్థానములో స్థిరముగా నిలుచు మరియొకరి ప్రేమ ఎడతెగక లభింపవలెననియు, తండ్రి మాత్రము తల్లికి డబ్బు తెచ్చి యిచ్చి ఆమెకు తోడుగా నుండుట ద్వారానే పసిబిడ్డకు ఉపయోగపడుననియు దాని సారాంశము. గ్రంథకర్త జాన్ బౌల్బీ అను ఆంగ్లేయ వైద్యుడు.

ఆ గ్రంథము వెలువడి డెబ్బది ఏండ్లు దాటినది. శిశు మనస్తత్వమును గురించి ఏ పాఠ్యపుస్తకము తెరచినను బౌల్బీ పేరు కనబడును. ఉపాధ్యాయులు దానిని చదివి పరీక్ష వ్రాసి, తరగతి గదికి వచ్చి, ఎదుట కూర్చున్న పిల్లలను ఆ అద్దములోనుండియే చూచుచుందురు. అందుచేత ఆ సిద్ధాంతములో ఎంత భాగము ప్రయోగమునకు నిలిచినదో, ఎంత భాగము ఆ కాలపు ఇంగ్లండు దేశపు అలవాటో తేల్చుకొనుట అవసరము. తుగ్గలి వంటి చోట ఈ అవసరము మరింత హెచ్చు. అక్కడ ప్రతి సంవత్సరము నెలల తరబడి తల్లిదండ్రులు ఒక ఊర, పిల్లలు మరియొక ఊర ఉందురు.

ముందుగా సిద్ధాంతమేమో చూడవలెను. బౌల్బీ (1907–1990) 1969, 1973, 1980 సంవత్సరములలో మూడు సంపుటములుగా దీనిని విస్తరించినాడు. శిశువు ఆరేడు నెలల వయస్సున ఒక మనిషిని ప్రత్యేకముగా ఎంచుకొని అంటిపెట్టుకొనును. భయము, నొప్పి, అలసట కలిగినపుడు ఆ మనిషి దరి చేరును. భయము తీరినపుడు ఆ మనిషిని ఆధారముగా చేసికొని చుట్టుప్రక్కల లోకమును వెదకుటకు బయలుదేరును. దీనిని బౌల్బీ నియంత్రణ యంత్రములతో పోల్చినాడు. ఇస్త్రీపెట్టెలోని ఉష్ణనియంత్రకము వేడి హెచ్చినపుడు విద్యుత్తును ఆపి, తగ్గినపుడు తిరిగి కలుపునట్లు, శిశువునకును తల్లికిని మధ్య దూరము హద్దు మీరినపుడు ఏడుపు, ప్రాకుట, చేతులు చాచుట మొదలగును. దూరము తగ్గగానే అవి ఆగును. క్రూరమృగముల మధ్య జీవించిన ఆదిమానవుల కాలములో ఇట్టి ఏర్పాటు లేని శిశువు బ్రతికి యుండదు. కనుక ఇది పరిణామక్రమములో నిలిచిన గుణమని ఆయన వాదము.

ఈ వాదములో బలమున్నది. బౌల్బీకి ముందు శాస్త్రజ్ఞులలో చాలమంది, బిడ్డ తల్లిని కోరుట పాలకొరకేనని నమ్మియుండిరి. 1958లో అమెరికాలో హారీ హార్లో ప్రకటించిన కోతిపిల్లల ప్రయోగము ఆ నమ్మకమును పడగొట్టినది. తీగతో చేసిన ఒక బొమ్మతల్లి, మెత్తని బట్ట చుట్టిన ఒక బొమ్మతల్లి. పాలసీసా తీగబొమ్మకు అమర్చినను పిల్ల పాలు త్రాగి వెంటనే బట్టబొమ్మను కరచుకొని పోయెడిది. ఆకలి వేరు, ఆశ్రయము వేరు అని తేలినది. రుమేనియా అనాథాలయములలో 2000 తరువాత జరిగిన పరిశోధన మరింత గట్టి సాక్ష్యము. ఆరు నెలలకును ముప్పదియొక నెలలకును మధ్య వయస్సు గల 136 మంది పిల్లలను చీట్లు తీసినట్లు రెండు భాగములు చేసి, సగముమందిని పెంపుడు ఇండ్లకు పంపినారు. ఇండ్లకు పోయిన పిల్లలలో, ముఖ్యముగా రెండేండ్లు నిండకముందు పోయినవారిలో, అనుబంధము బాగుగా అంకురించినది. అన్నము, బట్ట, పడక అమర్చిపెట్టి మనిషిని మాత్రము అమర్చని సంస్థ బిడ్డను పాడుచేయునన్న బౌల్బీ మాటను ఇక ఎవరును కాదనలేరు.

ఇంగ్లండులో ఆసుపత్రుల తీరు మారుటకును ఈ ఆలోచనయే కారణము. బౌల్బీ సహచరుడైన జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో ఒంటరిగా ఎనిమిది దినములు గడిపిన రెండేండ్ల పిల్లను గురించి 1952లో ఒక చలనచిత్రము తీసినాడు. ఆ రోజులలో తల్లిదండ్రులను ఆసుపత్రిలోనికి రానిచ్చుటయే అరుదు. పిల్ల మొదట ఏడ్చి గోల చేయును, పిదప క్రుంగిపోవును, ఆపైన ఎవరును అక్కరలేనట్లు ముడుచుకొనును. చిత్రమును చూచిన వైద్యులలో కొందరు కోపగించినారు గాని, 1959లో ప్రభుత్వ సంఘము పిల్లల వార్డులలో తల్లిదండ్రుల రాకపోకలను సడలింపవలెనని సిఫారసు చేసినది. ఒక సిద్ధాంతము ఇంత త్వరగా ఇంతమంది పిల్లల కన్నీరు తుడుచుట తరచు జరుగునది కాదు.

సిద్ధాంతమునకు మొదట పునాదిగా వాడిన సాక్ష్యము మాత్రము అంత గట్టిది కాదు. 1944లో బౌల్బీ నలుబదినలుగురు బాలదొంగలను గురించి ఒక వ్యాసము ప్రకటించినాడు. వారిలో పదునలుగురు ప్రేమయే ఎరుగని స్వభావము గలవారని, ఆ పదునలుగురిలో పండ్రెండుగురు చిన్ననాట తల్లికి చాలకాలము దూరమైనవారని ఆయన లెక్క. దొంగలు కాని నలుబదినలుగురిలో అట్టి ఎడబాటు ఇద్దరికి మాత్రమే. చూచుటకు లెక్క బలముగనే యున్నది. అయితే ఆ పిల్లలందరు ఆయన పనిచేయు చికిత్సాలయమునకు వచ్చినవారు. ప్రేమ ఎరుగనివాడెవడో నిర్ణయించినది ఆయనయే, ఎడబాటు చరిత్రను కూర్చినదియు ఆయనయే. కొలిచెడివాడు ఫలితమును ముందే ఊహించుచున్నపుడు ముల్లు ఏవైపు మొగ్గునో ప్రయోగశాలలో పనిచేసిన విద్యార్థులకు తెలియనిది కాదు.

బౌల్బీ గొప్పతనమేమనగా, తన మాటను తానే తగ్గించుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు. నాలుగేండ్లు నిండకముందు క్షయరోగ చికిత్సాలయములో నెలల తరబడి ఉండిన అరువదిమంది పిల్లలను, వారు పెరిగిన తరువాత పరిశీలించి, 1956లో ఆయనయు సహచరులును ఫలితము ప్రకటించినారు. అందరును చెడిపోలేదు, ఫలితములు పలు విధములుగా నున్నవి. తమ ముందటి ప్రకటనలలో అతిశయోక్తి ఉన్నదని వారే ఒప్పుకొన్నారు. విచారకరమైన విషయమేమనగా, పాఠ్యపుస్తకములు బాలదొంగల లెక్కను నిలుపుకొన్నంత శ్రద్ధగా ఈ అరువదిమందిని నిలుపుకొనలేదు. తరువాత 1972లో మైకేల్ రట్టరు మరియొక ముడిని విప్పినాడు. తల్లిదండ్రులు రోగముచేత దూరమైనపుడు పిల్లలలో దుష్ప్రవర్తన హెచ్చలేదు. ఇంటి కలహములచేత దూరమైనపుడు హెచ్చినది. కనుక హాని చేయుచున్నది ఎడబాటు మాత్రమే కాదు, ఎడబాటునకు ముందు వెనుకల ఇంటిలో నడచుచున్న జగడము కూడ.

ఇక ఒక్క మనిషిమీదనే ప్రధాన అనుబంధము కుదురునన్న మాట. దీనిని మొదట ఎదిరించినవారు మానవశాస్త్రజ్ఞులు. ప్రపంచ ఆరోగ్య సంస్థయే 1962లో పునర్విమర్శ గ్రంథమొకటి ప్రకటింపగా, అందులో మార్గరెట్ మీడ్ ఈ భావమును తప్పుపట్టినది. పలువురి చేతులలో పెరుగు శిశువులు లోకమంతట ఉన్నారని ఆమె వాదము. రెండేండ్లకు స్కాట్లండునుండి అంకెలు వచ్చినవి. గ్లాస్గో నగరములో రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అరువదిమంది శిశువులను మొదటి సంవత్సరమంతయు నాలుగేసి వారములకు ఒకసారి ఇంటికి పోయి పరిశీలించి, పదునెనిమిదవ నెలలో తిరిగి చూచినారు. ఆ వయస్సునకు ఒకే మనిషితో అనుబంధము గల శిశువులు నూటికి 13 మంది మాత్రమే. నూటికి 75 మంది తండ్రితో అనుబంధము ఏర్పరచుకొన్నారు. అంతకంటె వింత ఏమనగా, నూటికి 39 మంది శిశువులకు అందరికంటె ఇష్టమైన మనిషి, వారికి అన్నము పెట్టి స్నానము చేయించు మనిషి కాదు. బిడ్డ ఏడ్చినపుడు వెంటనే స్పందించి, దానితో మాటాడి ఆడునది ఎవరో వారివైపు బిడ్డ మొగ్గినది.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పకుండ ఉండలేము. బౌల్బీ పెద్ద ఇంటి బిడ్డ. ఆనాటి ఆ తరగతి ఆచారము ప్రకారము తల్లిని దినమునకు సుమారు ఒక గంట మాత్రమే చూచుచు, దాది చేతిలో పెరిగినాడు. నాలుగేండ్ల వయస్సున ఆ దాది వెళ్ళిపోయినది. ఆ దుఃఖమును ఆయన పెద్దయైన పిదపయు చెప్పుకొన్నాడు. తల్లి కాని మనిషితో బిడ్డకు గాఢమైన అనుబంధము కలుగునని ఆయనకు ఎవరును చెప్పనక్కరలేదు. అయినను సిద్ధాంతమునకు తల్లి పేరే పెట్టినాడు.

తండ్రి సంగతి ఇంకను వింతగా నడచినది. 1970 తరువాత మైకేల్ లాంబ్ ఇండ్లకు పోయి, ఏడు నెలల మొదలు పదుమూడు నెలల వరకు వయస్సు గల శిశువులు తల్లిదండ్రులు ఇద్దరు ఉన్నపుడు ఎవరి దరికి పోవుదురో గమనించినాడు. దరి చేరుట, తాకుట, ఎత్తుకొమ్మనుట – వీటిలో తల్లికిని తండ్రికిని తేడా కనబడలేదు. ఏడాది దాటిన పిల్లలు భయపడినపుడు మాత్రము తల్లివైపు మొగ్గినారు. ఇంకొక తేడాయు కనబడినది: తల్లి ఎక్కువగా బిడ్డను ఎత్తుకొనునది కడుగుటకు, తినిపించుటకు, తండ్రి ఎక్కువగా ఎత్తుకొనునది ఆడించుటకు. 1981లో మేరీ మెయిన్, డొన్నా వెస్టన్ ఒకే శిశువునకు తల్లితోగల అనుబంధము, తండ్రితోగల అనుబంధము వేరు వేరుగా నుండవచ్చునని చూపినారు. ఒకరివద్ద నిశ్చింతగా నుండు బిడ్డ మరియొకరివద్ద అట్లుండకపోవచ్చును.

శరీరశాస్త్రమును తండ్రిని పూర్తిగా వెలుపల నిలుపలేదు. ఫిలిప్పీన్సులోని సెబూ నగరములో 624 మంది యువకుల లాలాజలములో పురుష హార్మోను అయిన టెస్టోస్టిరోన్ పరిమాణమును 2005లోను 2009లోను కొలిచినారు. ఆ నడుమ తండ్రులైనవారిలో అది బాగుగా తగ్గినది. రోజుకు మూడు గంటలకు మించి బిడ్డను చూచుకొనువారిలో మరింత తక్కువ. బిడ్డను మోయుట మగవాని శరీరమునకు కొత్త పని కాదన్నమాట. మధ్య ఆఫ్రికా అడవులలోని అకా జాతిలో తండ్రి రోజులో దాదాపు సగము కాలము బిడ్డకు చేతికందు దూరములో నుండునని బారీ హ్యూలెట్ లెక్కించినాడు.

అయినను, తండ్రి బిడ్డను ఎంత చక్కగా గమనించి స్పందించునో దానికిని, బిడ్డ అతనివద్ద నిశ్చింతగా నుండుటకును గల సహసంబంధ గుణకము 0.13 మాత్రమేనని 1997లో పలు పరిశోధనలను కలిపి లెక్కగట్టినారు. తల్లి విషయములో అది 0.24. ఈ అంకెలు చూచి తండ్రి తక్కువవాడని కొందరు వ్రాసినారు. గణితము బోధించు ఉపాధ్యాయులు ఈ గుణకములను వర్గము చేసి చూతురు గాక. తల్లి స్పందన వివరించునది నూటిలో ఆరు వంతులకు లోపల. తండ్రిది రెండు వంతులకు లోపల. నూటికి తొంబదినాలుగు వంతులు తల్లి విషయములోనే వివరణకు అందక మిగిలియున్నపుడు, ఎవరు హెచ్చు ఎవరు తక్కువ అని తీర్పు చెప్పుట తొందరపాటు. అదియును గాక, కొలబద్ద ఎవరికొరకు చేసినది?

ఆ కొలబద్దను చేసినది మేరీ ఐన్స్‌వర్త్. ఈమె 1954–55లో ఉగాండాలో పల్లెల ఇండ్లలో కూర్చుండి తల్లులను బిడ్డలను గమనించిన ఓర్పుగల పరిశోధకురాలు. పిదప అమెరికాలోని బాల్టిమోరులో ఆమె తయారుచేసిన పరీక్షకు అపరిచిత పరిస్థితి అని పేరు. ఏడాది, ఏడాదిన్నర వయస్సు గల బిడ్డను తల్లితో కలిసి, ఆటవస్తువులున్న కొత్త గదికి తెత్తురు. ఎరుగని స్త్రీ ఒకతె వచ్చును. తల్లి లేచిపోవును, తిరిగి వచ్చును; మరల పోవును, ఈసారి బిడ్డ కాసేపు గదిలో ఒంటరిగా నుండును. మొత్తము ఎనిమిది ఘట్టములు, సుమారు ఇరువది నిమిషములు. తల్లి తిరిగివచ్చినపుడు బిడ్డ ఆమెను చేరి ఊరటపడినచో నిశ్చింతమైన అనుబంధము. ముఖము త్రిప్పుకొన్నచో విముఖమైనది. చంక ఎక్కియు కోపముతో తన్నుచు ఊరటపడనిచో ద్వైధమైనది. ఈ మూడింటిలోను ఇమడని పిల్లలకు 1980లలో నాలుగవ తరగతి చేర్చినారు.

వెర్నియర్ కాలిపర్స్ చేతబట్టిన విద్యార్థి మొదట చేయు పని శూన్యదోషము చూచుట. రెండు దవడలు కలిసినపుడు సున్న సున్నకు ఎదురుగా లేనిచో, ఎంత జాగ్రత్తగా కొలిచినను ప్రతి కొలత తప్పగును. అపరిచిత పరిస్థితికి శూన్యము ఏది? కొత్త గదిలో ఒంటరిగా మూడు నిమిషములుండుట బిడ్డకు కొద్దిపాటి కలతయే గాని పెద్ద భయము కాదనుట. బాల్టిమోరు బిడ్డ వేరు గదిలో, వేరు మంచముపై, ఒంటరిగా నిద్రించునది. ఆ బిడ్డకు ఇది సరిపోవచ్చును. జపానులోని సప్పొరోలో కేయికో తకహాషి అరువదిమంది శిశువులకు ఈ పరీక్ష పెట్టగా విముఖులు ఒక్కరును లేరు. నూటికి 32 మంది ద్వైధ తరగతిలో పడినారు. జపాను తల్లి బిడ్డను ఒంటరిగా విడుచుట చాల అరుదు. ఆ బిడ్డలకు కొద్దిపాటి కలత కాక పిడుగు పడినట్లయినది. దోషము బిడ్డలది కాదు, కాలిపర్సుది.

ఎనిమిది దేశములలో జరిగిన ముప్పదిరెండు పరిశోధనలను వాన్ ఐజెన్‌డోర్న్, క్రోనెన్‌బర్గ్ 1988లో ఒకచోట చేర్చినారు. సుమారు రెండువేలమంది శిశువులు. ముప్పదిరెండింటిలో పదునెనిమిది అమెరికావే. ఆ ఎనిమిది దేశములలో భారతదేశము లేదు. అందులో మెచ్చదగినది ఒకటి ఉన్నది: దేశమునకును దేశమునకును గల తేడాకంటె ఒకే దేశములోని సమూహముల మధ్య తేడా ఒకటిన్నర రెట్లని వారు చూపినారు. కనుక "భారతీయ శిశువు" అని ఒక్క మాటలో చెప్పుటయు తప్పే. భువనేశ్వరములో 1960ల మధ్యనుండి ఇరువదినాలుగు కుటుంబములను ఏండ్ల తరబడి గమనించిన సూసన్ సేమూర్, పాత పట్టణపు ఉమ్మడి ఇండ్లలో బిడ్డ అమ్మ, నాయనమ్మ, పిన్నమ్మ, అక్కల చేతులు మారుచు పెరుగుటను, కొత్త పట్టణపు ఉద్యోగుల ఇండ్లలో తల్లి చుట్టునే తిరుగుటను వివరముగా వ్రాసినది. ఒకే ఊరిలో ఇంత తేడా.

తుగ్గలిలో పరిస్థితి ఏమి? పడమటి కర్నూలులో వాన ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లకు లోపలనే. వేరుసెనగ, పత్తి, కొర్ర, సెనగ ఆ వాననే నమ్ముకొన్నవి. తొలకరి తరువాత జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రముల కొరకు జనము వెదకులాడుట పత్రికలకెక్కును గాని, ఊరిని ఏడాది పొడవున పోషించునది వజ్రము కాదు, కూలి. ఖరీఫు పని ముగియగానే తుగ్గలి, పత్తికొండ, దేవనకొండ, ఆలూరు, కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి గుంపులు గుంపులుగా కూలీలు గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తితీతకు పోవుదురు. దీనిని అక్కడివారు సుగ్గికి పోవుట అందురు. కన్నడములో సుగ్గి అనగా పంటకోతల కాలము. సరిహద్దు నేల గనుక మాట ఇటు వచ్చినది. గుంటూరు–గుంతకల్లు రైలుమార్గముపై తుగ్గలి ఒక స్టేషను. రైలున కొందరు, లారీలలో కొందరు పోయి, మూడు నాలుగు నెలలకు ఉగాది వేళకు తిరిగి వత్తురు.

ఈ ప్రయాణములో ఎవరు పోవుదురు, ఎవరు మిగులుదురు అనుటలోనే అనుబంధ సిద్ధాంతమునకు అసలు పరీక్ష ఉన్నది. తండ్రి మాత్రమే పోయి తల్లి ఇంట నుండు వలస కాదిది. మిరపకోతకు ఆడవారి చేతులు ముఖ్యము గనుక భార్యాభర్తలు ఇద్దరును పోవుదురు. పాలు త్రాగు బిడ్డ తల్లి వెంట పోవును. పాలు మానిన బిడ్డను తరచు జేజివద్దనో అవ్వవద్దనో విడుతురు. ఆషాఢమున పుట్టిన బిడ్డను ఊహించుడు. మొదటి సుగ్గినాటికి ఆరు నెలలు, తల్లితో పోవును. రెండవ సుగ్గికి ఏడాదిన్నర, పోవచ్చును, ఉండవచ్చును. మూడవదానికి రెండున్నరేండ్లు; జేజి ఇంట మిగులును. బౌల్బీ ఏ వయస్సును అతి సున్నితమన్నాడో ఆ వయస్సు మధ్యనే సుగ్గి మూడుసార్లు వచ్చిపోవును.

1951 నాటి గ్రంథమును అక్షరాలా పట్టుకొన్నవారు ఈ బిడ్డ తల్లిప్రేమకు దూరమైనదని వెంటనే తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు న్యాయమైనది కాదు. జేజి ఆ బిడ్డకు అపరిచితురాలు కాదు. పుట్టిననాటినుండి ఎత్తి పెంచిన మనిషి. జేమ్స్ రాబర్ట్‌సన్, ఆయన భార్య జాయిస్ 1967 తరువాత తీసిన మరికొన్ని చలనచిత్రములు ఈ తేడానే చూపినవి. పదునేడు నెలల జాన్ అను బాలుడు తొమ్మిది దినములు శిశుగృహములో, మారుచుండు దాదుల చేతులలో ఉండి పూర్తిగా క్రుంగిపోయినాడు. పది దినములనుండి ఇరువదియేడు దినముల వరకు రాబర్ట్‌సన్ ఇంటిలోనే, జాయిస్ ఒక్కతె చేతిలో ఉండిన నలుగురు పిల్లలు బెంగపడినారు గాని క్రుంగలేదు. స్థిరమైన మరియొక మనిషి ఉన్నచో ఎడబాటు వేరొక రూపము తాల్చును.

అయితే దీనిని పట్టుకొని సుగ్గి ఏమియు చేయదనుటయు తగదు. రాబర్ట్‌సన్ లెక్క దినములలో, సుగ్గి లెక్క నెలలలో. జాయిస్‌కు ఆ బిడ్డను చూచుట తప్ప వేరు పని లేదు. తుగ్గలిలో జేజికి మేకలున్నవి, నీళ్ళబిందె ఉన్నది, మోకాలినొప్పి ఉన్నది, మరి నలుగురు మనుమలున్నారు. ఇజ్రాయెలు సమష్టి గ్రామములలో పగలంతయు దాదులవద్ద ఉండి రాత్రి తల్లిదండ్రుల ఇంట నిద్రించు శిశువులలో నూటికి 80 మంది నిశ్చింతులుగా నుండగా, రాత్రియు పిల్లల గృహముననే నిద్రించువారిలో 48 మందియే అట్లున్నారని 1994లో ఆవి సగీ బృందము చూపినది. పగటికంటె రాత్రి ముఖ్యమని దీనిబట్టి తోచును. జేజి ఇంట బిడ్డ రాత్రి ఒంటరిగా పండుకొనదు. ఆమె కొంగు పట్టుకొనియే నిద్రించును. ఇది ఆ బిడ్డ పక్షమున ఉన్న గొప్ప సాక్ష్యము.

తండ్రిని గురించిన చర్చకు ఎమ్మిగనూరు మరియొక ఉదాహరణము. అక్కడ 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘము పేరు పొందినది. గుంటమగ్గమున్న ఇంటిలో తండ్రి పగలెల్ల ఇంటనే యుండును. తల్లి కండెలు చుట్టుచుండును, బిడ్డ మగ్గము ప్రక్కనే ప్రాకుచుండును. చేతికందు దూరమును గంటలలో లెక్కించినచో ఈ తండ్రి అకా తండ్రికి తీసిపోడు. కాని అతని చేతులు నాడెమీద, కాళ్ళు గుంటలో. దగ్గరనుండుట ఒకటి, చేతులు ఖాళీగా నుండుట మరియొకటి అని పరిశోధకులు గుర్తింపవలెను. ఆ మగ్గముల సంఖ్య ఇప్పుడు చాల తగ్గినది; నేతవృత్తి విడిచిన తండ్రి బయట పనికి పోవును. తండ్రి అనుబంధము తండ్రి స్వభావముకంటె అతని పనినిబట్టి మారుచుండుటను గమనింపవలెనన్నచో పడమటి కర్నూలు చక్కని ప్రయోగశాల.

బౌల్బీగాని ఐన్స్‌వర్త్‌గాని తగినంత చూడని మనిషి ఒకరున్నారు: అక్క. మిరపచేని గట్టున, చెట్టుకొమ్మకు చీరతో కట్టిన ఊయలను ఊపుచు కూర్చుండునది తరచు ఎనిమిది, పదేండ్ల అక్కయే. తల్లి సాలులో ముందుకు పోవుచుండును. పాలవేళకు వచ్చి మరల పోవును. ఏడ్చినపుడు మొదట స్పందించునది అక్క. గ్లాస్గో లెక్క నిజమైనచో ఆ బిడ్డ అక్కనే ఎంచుకొనును. ఆ అక్క బడి మానినది. వలస కూలీల పిల్లలు బడి మానకుండ ఉండుటకు సర్వశిక్షా అభియాన్ కాలమునుండి కర్నూలు జిల్లాలో సీజనల్ హాస్టళ్ళు నడచుచు వచ్చినవి. సుగ్గి నెలలలో పిల్లలు బడివద్దనే తిని పండుకొని చదువుకొనుటకు అవి ఏర్పడినవి. ఇది చాల మంచి పని. అయితే అక్కను హాస్టలులో చేర్చినపుడు గట్టుమీది ఊయల ఎవరి చేతికి పోవును? ఈ ప్రశ్నకు హాస్టలు లెక్కలలో గడి లేదు. ఒక బిడ్డకు చదువు, మరియొక బిడ్డకు ఎడబాటు.

చట్టము ఈ ఊయల దగ్గరకు వచ్చి ఆగిపోయినది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పనిచోటికి ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు గాని అంతకు మించి గాని వచ్చినచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమింపవలెనని విధించినది. మిరపచేను ప్రైవేటు రైతుది గనుక ఆ విధి అక్కడ వర్తింపలేదు. 2017 నాటి ప్రసూతి చట్ట సవరణ జీతముతో కూడిన సెలవును 26 వారములకు పెంచి, ఏబదిమంది, అంతకు మించి పనివారున్న సంస్థలు శిశుగృహము పెట్టవలెనన్నది. మేస్త్రీ వెంట వచ్చిన కూలిగుంపును సంస్థ అని ఎవరును అనరు. ఆ సవరణలో తండ్రి ఊసే లేదు. బౌల్బీ 1951లో నిలబెట్టిన చోటనే తండ్రి ఇంకను నిలిచియున్నాడు. అక్కను బడికి పంపి, పది ఊయలలకు ఒక జేజిని కూలి ఇచ్చి చేని గట్టున కూర్చుండబెట్టినచో సిద్ధాంతము కోరు స్థిరమైన మనిషి దొరకును. ఆ జేజి తుగ్గలినుండి గుంపుతోనే వచ్చిన ఎరిగిన మనిషి కావలెను.

ఈనాడు సెల్‌ఫోను ఒక కొత్త అంశము. గుంటూరునుండి తల్లి ముఖము తెరపై కనబడును, నాయన గొంతు వినబడును. బిడ్డ ఆ ముఖమును గుర్తించును. కాని చేతులు చాచినపుడు తెర ఎత్తుకొనదు. బౌల్బీ చెప్పిన నియంత్రణ యంత్రము దూరముతో పనిచేయును గాని చిత్రముతో కాదు. ఫోను పెట్టివేసిన తరువాత కొందరు పిల్లలు మరింత ఏడ్చుటకు కారణమిదియే కావచ్చును.

సుగ్గి పిల్లలను నిజముగా కొలువదలచిన పరిశోధకులకు కొత్త గదియు, ఎరుగని స్త్రీయు అక్కరలేదు. సుగ్గియే ఎడబాటును, ఉగాదియే పునస్సమాగమమును ఏర్పాటు చేసినవి. లారీ దిగిన తల్లిని చూచి రెండున్నరేండ్ల బిడ్డ జేజి చీరచాటున దాగును. అపరిచిత పరిస్థితి పట్టికలో దీనికి విముఖ తరగతి గుర్తు వేయుదురు. ఆ మొదటి మూడు నిమిషములను కొలిచి పుస్తకము మూయరాదు. నాలుగవ దినమున ఆ బిడ్డ తల్లి బావికి పోయిన బావికి, దొడ్డికి పోయిన దొడ్డికి వెంటబడి, ఆమె కనబడకున్నచో గోల పెట్టునేమో చూడవలెను. దూరమైన పిల్లలలో మొదటి బిగుసుదనము సడలిన పిదప ఇట్టి అంటకాగుట కనబడునని రాబర్ట్‌సన్, బౌల్బీ తమ తొలి పరిశీలనలలోనే వ్రాసినారు. నాయన ఎత్తి గాలిలోనికి ఎగురవేసినపుడు నవ్వునో, జంకునో వేరుగా గుర్తింపవలెను. జేజి కనుమరుగైనపుడు ఏమి చేయునో అదియు గుర్తింపవలెను. మూడు గళ్ళు, ఒకే బిడ్డ.